మలీద డబ్బా

స్వాతి బ్యాగు సర్దుకుంటోంది. అడుగున ఇస్త్రీ చేసిన తెల్లకోటు, దాని మీద చీరలు, పక్కన కాగితంలో చుట్టిన చెప్పులు. నాలుగేళ్లుగా పాలకుర్తిలో బషీరున్నీసా ఇంటి ముందుగదిలో అద్దెకున్న నర్సు ఆమె. ఇప్పుడు కాళేశ్వరం దవాఖానకు బదిలీ అయింది. పదిన్నరకు బస్సు.

బషీరున్నీసాకు పొద్దున్నే ఒక ఉపాయం తట్టింది. మలీద చేసి, తన పెళ్లినాటి స్టీలు డబ్బాలో పెట్టి ఇవ్వాలి. స్వాతి ఒకరి డబ్బా ఇంట్లో ఉంచుకునే పిల్ల కాదు. తిరిగి ఇవ్వడానికైనా వస్తుంది. ఇంతకుముందు సాగనంపినవాళ్లెవరూ మళ్లీ రాలేదు; వాళ్లందరినీ వట్టి చేతులతో పంపడమే తన తప్పని ఆమెకు ఈ మధ్య గట్టిగా అనిపిస్తోంది.

గోధుమరొట్టెలు మందంగా కాల్చి, వేడి తగ్గకముందే నలిపి, బెల్లం, నెయ్యి, ఇలాచీ పొడి కలుపుతుంటే పక్కింటి విమల గోడ మీది నుంచి చూసింది. ఆ ఇంట్లో మలీద చేసేది ఏడాదికొక్కసారే, బషీరున్నీసా భర్త జమాల్ చనిపోయిన రోజున, ఆయన పేరిట చదివించే ఫాతిహా ప్రార్థనకు. అడిగితే ఆమెను బాధపెట్టినట్టవుతుందని విమల ఏమీ అడగలేదు. జమాల్ అన్న కొడుకు కైసర్‌కు ఫోన్ చేసింది.

చిన్నాయన పోయిన రోజునే మరిచానని కైసర్ సిగ్గుతో కుంగిపోయాడు. అరగంటలో మౌల్వీగారిని బైకు మీద ఎక్కించుకొని, అగరొత్తుల కట్టతో దిగాడు. వెనకాలే వాడలోని పదిమంది.

"మాఫ్ చెయ్యి చాచీ, యాదికి లేకపాయె," అన్నాడు.

బషీరున్నీసా మౌల్వీగారి వైపు, అగరొత్తుల వైపు చూసింది. చాంద్ లెక్కన, అంటే చంద్రుడి నెలల ప్రకారం, జమాల్ పోయిన తేదీ ఇంగ్లీషు కాలెండరులో ఏటా మారుతూనే ఉంటుంది. ఇంతమంది ఇవాళే అంటున్నారంటే తనే మరిచిపోయిందేమో. కట్టుకున్నవాడు పోయిన రోజు తనకే గుర్తులేదని వీళ్ల ముందు ఎట్లా ఒప్పుకోవడం? తల మీద కొంగు కప్పుకొని కూర్చుంది.

ఫాతిహా అయింది. మలీద పంచారు. రెండోసారి చాపిన చేతులు కూడా ఉన్నాయి. విమల కళ్లు తుడుచుకుంటూనే మూడు ముద్దలు తిన్నది. స్వాతి బ్యాగు పక్కన పెట్టి అందరికీ నీళ్లందించింది. మౌల్వీగారు చేయి కడుక్కొని గోడ మీది ఉర్దూ కాలెండర్ దగ్గర ఆగారు.

"గిదేందమ్మా, నువ్వు గీత పెట్టుకున్న తారీఖు ఇంకా ఇరవై రోజులున్నది గద?"

విమల తన చేతిలోని నాలుగో ముద్దను మెల్లగా గిన్నెలో పెట్టింది. గిన్నెలో అదొక్కటే ఉంది.

"మరి గీ మలీద ఎవరికి చాచీ?" అన్నాడు కైసర్.

"బస్సెక్కే పిల్లకు."

స్వాతి ఆ ముద్దను తీసి డబ్బాలో పెట్టుకొని మూత బిగించింది. "గిది చాలు అవ్వా. డబ్బా నేనే తెచ్చిస్త, నువ్వు పరేషాన్ గాకు," అన్నది. కైసర్ తల దించుకొని ఆమెను బైకు మీద బస్టాండులో దింపి వచ్చాడు.

ఇరవై రోజులకు అసలు తేదీ వచ్చింది. బషీరున్నీసా మళ్లీ రొట్టెలు నలుపుతుంటే, ఈసారి ఎవరు ఊరికి పోతున్నారో అనుకొని విమల ఎవరికీ ఫోన్ చేయలేదు. విమల చెప్పకపోయేసరికి కైసర్‌కు గుర్తు రాలేదు. మధ్యాహ్నం ఆటో నడిపే కట్టయ్య గుమ్మంలో నిలబడి, కాళేశ్వరం నుంచి బస్సులో వచ్చిందంటూ ఒక సంచి అందించాడు. లోపల తోమి మెరిపించిన స్టీలు డబ్బా, దాని నిండా నువ్వుల ముద్దలు.

ఆగస్టు ఏడున వెళ్లిన స్వాతి మళ్లీ రాలేదు. డబ్బా మాత్రం ఇరవై ఏడున వచ్చింది.