నీటి సాంద్రత పెంపు

నీటి సాంద్రతను ఒకటి నుంచి రెండుకు పెంచుతున్నట్టు మా మంత్రిగారు సోమవారం ప్రకటించారు. ఆ ప్రకటన టైపు చేసే భాగ్యం ఆయన ఆఫీసులో టైపిస్టునైన నాకే దక్కింది.

ఎన్నికల్లో ఆయన ఇంటికి రోజుకు రెండొందల కిలోల నీళ్ళిస్తానన్నారు. నీళ్ళని అందరూ లీటర్లలో చెబుతారు. కిలోల్లో చెప్పింది ఆయనొక్కరే. "హామీ అన్నాక బరువుండాలయ్యా" అనేవారు. తీరా గెలిచి చూస్తే, జలాశయంలో ఉన్నవి ఇంటికి వంద లీటర్లే.

"రెండొందల కిలోలంటే ఎన్ని లీటర్లయ్యా?" అని చీఫ్ ఇంజనీరుని అడిగారు.

"రెండొందలే సార్. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి. సాంద్రత ఒకటి కదా."

"ఒకటని ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు సార్. మొదట్నుంచీ అంతే."

"అంటే పాత ప్రభుత్వం! ఇన్నేళ్ళూ ఒకటి దగ్గరే పడుకోబెట్టారన్నమాట. రెండు చేసెయ్."

చేసేశాం. వంద లీటర్లే రెండొందల కిలోలయ్యాయి. చుక్క నీళ్ళు ఖర్చు కాకుండా హామీ నెరవేరింది! ప్రతిపక్షం ఊరుకుంటుందా? మేమొస్తే మూడు చేస్తామంది. ఇలా నోటికొచ్చిన హామీలిస్తే ఎలాగని మంత్రిగారు చాలా బాధపడ్డారు.

ఇంత సంబరంలోనూ ఏడ్చింది మా అక్క ఒక్కతే. ఆవిడకి లాండ్రీ ఉంది. మంత్రిగారి బట్టలు అక్కడికే వెళతాయి.

"ఒరేయ్, తొట్టి సగమే నిండిందిరా! గురువారం విజయోత్సవ సభకి పన్నెండు తెల్ల చొక్కాలు కావాలట. ఒక్క మచ్చ కనబడినా షాపు మూయిస్తానన్నాడు మీ పీఏ. ఈ నీళ్ళతో ఎలా చావను?"

"నీళ్ళు తగ్గలేదక్కా. చిక్కబడ్డాయి."

"చిక్కబడితే గరిటె పెట్టి ఉతకనా, వెధవా!"

షాపు మూతపడితే ఆవిడా, ముగ్గురు పనివాళ్ళూ రోడ్డున పడతారు. ఇంజనీరుని బతిమాలి షాపుకి తీసుకెళ్ళాను. ఆయన పది లీటర్ల నీళ్ళు కాటా మీద పెట్టాడు. పది కిలోలే చూపించింది.

"కాటాకి ఇంకా సర్క్యులర్ అందలేదమ్మా" అన్నాడు, తల గోక్కుంటూ.

అక్క తొట్టి వంక చూసింది, చొక్కాల వంక చూసింది, చీర కొంగు దోపుకుని పనిలోకి దిగింది.

గురువారం మంత్రిగారు చొక్కా తొడుక్కున్నారు. ముందు వైపు ధగధగలాడిపోతోంది. వెనక వైపు వారం నాటి చెమట, కారు సీటు మరక చెక్కు చెదరలేదు. పీఏ కెవ్వుమన్నాడు. అక్క పని అయిపోయిందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను.

మంత్రిగారు అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకున్నారు.

"ఫొటోగ్రాఫర్లు ఎటు నిలబడతారు?"

"ముందే సార్."

"మరింకేంటయ్యా గోల!"

సభ అదిరిపోయింది. ప్రసంగం ముగించి, జనానికి చేతులూపుతూ, మంత్రిగారు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వేదిక దిగారు. దారిలో ఇంజనీరు కాలు తొక్కారు, పూలకుండీ పడగొట్టారు, తిరగడం మాత్రం తిరగలేదు. 'ప్రజలకు వెన్ను చూపని నాయకుడు' అని మర్నాడు పత్రికలన్నీ మొదటి పేజీలో రాశాయి.

ఆ మధ్యాహ్నమే అక్క షాపు ముందు సర్కారు కార్లు బారులు తీరాయి. మంత్రివర్గం మొత్తం చొక్కాలు పంపింది. ప్రతి మూటకీ ఒక చీటీ గుచ్చి ఉంది: 'ముందు వైపు చాలు.'