అమీర్‌పేట పింగాణీ కుట్ర

"నేరస్థులు రెండే రకాలు కేదారూ. నాకు చిక్కినవాళ్లు, నాకింకా ఎదురుపడనివాళ్లు. మూడోరకాన్ని ఆ బ్రహ్మ సృష్టించలేదు!"

ఇలా ప్రకటించి, డిటెక్టివ్ అచ్యుతరావు కేదార్ చాయ్‌ని తనదనుకుని తాగేశాడు. తనది అంతకుముందే తాగేశాడు.

అమీర్‌పేట మెట్రో మెట్లకు దగ్గరలోని ఇరానీ హోటల్లో, ఖాళీ కప్పుకేసి చూస్తూ కేదార్ నిట్టూర్చాడు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న నాటినుంచి అతనికి ఈ మహానుభావుడు తెలుసు. అచ్యుతరావు కడుపు నింపే వృత్తి ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పడం. కంప్యూటర్ చేసే తప్పులే పట్టగలవాడికి మనుషులు చేసే తప్పులొక లెక్కా అన్నది ఆయన వాదన. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే. హాస్టల్లో మాయమైన తన చెప్పుల జాడ వారం తిరక్కుండా కనిపెట్టాడు. అవి ఆయన కాళ్లకే ఉన్నాయి.

"ఏంటి గురూ నీ సమస్య? దాచకుండా చెప్పు. డాక్టరు దగ్గరా డిటెక్టివ్ దగ్గరా సిగ్గుపడకూడదు."

"ఆదివారంతోని ఇంటి అగ్రిమెంట్ అయిపోతదన్నా. ఇంకో పదకొండు నెలలు ఉండుడా, ఖాళీ చేసుడా? గదే తేలుతలేదు."

తేలకపోవడానికి కారణం కేదార్ కాదు. అతనికి ఆ ఇల్లు ప్రాణం. సోమాజిగూడలోని ఆఫీసుకు దగ్గర, మెట్రోకు దగ్గర, అతని బద్ధకానికి మరీ దగ్గర. అతని భార్య సుకన్యకు మాత్రం ఆ గల్లీ పేరెత్తితే ఒళ్లుమంట. గల్లీ నిండా కోచింగ్ సెంటర్లే. గేటు దాటితే చేతిలో కరపత్రం పడుతుంది. కూరగాయలకని వెళ్లి, ఏదో కోర్సు డెమో క్లాసుకు పేరు రాయించుకుని వచ్చిన రోజులున్నాయి. తిరిగొచ్చేసరికి గేటుకు అడ్డంగా ఎవరివో బండ్లు. లోపలికి వెళ్లాలంటే ముందు ఆ బండ్ల యజమానులు జావా నేర్చుకోవడం పూర్తి కావాలి.

"ఏడాది సంది పోదాం పోదామని నా పానం తీసిందన్నా. ఇప్పుడు అగ్రిమెంట్ ముంగట పెడితే సప్పుడు చేస్తలేదు. 'నన్నెందుకు అడుగుతవ్, ఖాలాను అడుగు' అంటది. కింద ఉండే ఓనరమ్మ ఇక్బాల్ బేగంను అడిగితే, 'సుకన్యా బేటీని అడుగు' అంటది. మొన్న మా ఆమె చున్నీ కింద ఏదో దాచుకొని మెట్లెక్కుతుంటే చూసిన. ఏందే అంటే ఏం లేదన్నది."

అచ్యుతరావు కళ్లు మెరిశాయి. "మౌనం! దాపరికం! చున్నీ! ఇంకా?"

"ఇంకేం లేదు. ఈ మధ్య వంట మాత్రం మస్తు చేస్తుందన్నా. ఖట్టీ దాల్ అంటే..."

"వంట సంగతి పక్కన పెట్టవయ్యా! రక్తం ఉడికే వేళ పప్పు ఉడకబెడతావేం? నువ్వు విషయాన్ని దారి మళ్లిస్తున్నావు."

కేసులో ఉన్న ఏకైక ఆధారం ఆ విధంగా చాయ్ హోటల్లోనే సమాధి అయింది.

*

ఆ సాయంత్రమే నిఘా మొదలైంది. అమీర్‌పేటలో మనిషి కంటికి కనబడకుండా పోవాలంటే అదృశ్య కవచం అక్కర్లేదు, చేతిలో కోచింగ్ కరపత్రాల కట్ట ఉంటే చాలు. వాటిని పంచేవాడి ముఖం ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఈ సత్యాన్ని గ్రహించడంలో అచ్యుతరావు నిజంగానే మేధావి. కానీ ఇద్దరు కుర్రాళ్లు ఆగి కోర్సు వివరాలు అడిగేసరికి ఆయనలోని అధ్యాపకుడు డిటెక్టివును గెంటేశాడు. గేటు ముందే పాఠం మొదలైంది. కాసేపటికి చుట్టూ గుంపు చేరింది. ఆ గుంపు వెనుకనుంచి సుకన్య ఏదో పట్టుకుని కిందికి దిగడం, ఖాళీ చేతులతో పైకి రావడం ఆయన వీపు మాత్రమే చూసింది.

మరునాడు బుద్ధి తెచ్చుకుని ఎదుటి జిరాక్స్ షాపులో నక్కాడు. ఈసారి ఇక్బాల్ బేగం రెయిలింగు పట్టుకుని, మూలుగుతూ, మూతపెట్టిన తెల్లని పింగాణీ గిన్నెతో మెట్లెక్కడం కళ్లారా చూశాడు. ఆ మరునాడు అదే గిన్నెతో సుకన్య కిందికి దిగింది.

కేదార్‌కు ఫోను మోగింది.

"కుట్ర, మిత్రమా! పింగాణీ కుట్ర! తెల్ల గిన్నె, నీలం పువ్వులు. ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి. అందులో ఏదో చేతులు మారుతోంది."

"ఏం మారుతుందన్నా?"

"నిన్న నీ గుమ్మం ముందు గిన్నె దించి బేగంగారు ఊపిరి పీల్చుకుంటుంటే, నేను కరెంటు మీటరు చూసేవాడిలా వెళ్లి, ఆవిడ అటు తిరగ్గానే నమూనా సేకరించాను. పరీక్షించాను."

"ఏమొచ్చింది పరీక్షల?"

"దహీ వడ. ఉప్పు సరిపోయింది. తిరగమోత అద్భుతం."

"గిదేం కుట్రన్నా?"

"అదే వాళ్ల తెలివి! పైకి పెరుగు, లోపల పన్నాగం. ఇద్దరూ కలిసి నిన్ను ఇంట్లోంచి తరిమేయబోతున్నారు. ఆదివారం పొద్దున రంగంలోకి దిగుతున్నా. నువ్వు ఏమీ ఎరగనట్టుండు. అది నీకు కష్టం కాదులే."

*

ఆదివారం ఉదయం కేదార్ అగ్రిమెంటు కాగితాలు ముందేసుకుని హాల్లో కూర్చున్నాడు. గోడకు తాను కొట్టిన మేకులు, కిటికీకి తాను కట్టిన దోమతెర, బాల్కనీ మూలన గాలి తగిలే తన కుర్చీ ఒక్కొక్కటే కనిపించసాగాయి. సంతకం పడకపోతే ఇవన్నీ మూటగట్టుకుని, ఊరి చివరెక్కడికో పోయి, పొద్దున్నే మూడు బస్సులు మారాలి. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

వంటింట్లోంచి సుకన్య వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెపై చున్నీ కొస. "జర కిందికి పోయొస్త" అని తలుపు దాటింది. కేదార్ పిల్లిలా వెంబడించాడు.

మెట్ల మలుపులో ఒక పాత కూలర్ ఉంది. దాని వెనుక ముడుచుకున్న మూర్తి డిటెక్టివ్ అచ్యుతరావు. కిందినుంచి ఇక్బాల్ బేగం, "సుకన్యా బేటీ, ఉన్నవా?" అంటూ ఆయాసపడుతూ పైకి వస్తున్నారు. పైనుంచి సుకన్య దిగుతోంది. ఇద్దరూ మలుపు దగ్గర కలుసుకోగానే కూలర్ వెనుకనుంచి ఉరుము ఉరిమింది.

"కదలొద్దు! చేతులు పైకెత్తండి!"

సుకన్య చేతులు ఆమెను అడగకుండానే పైకి లేచాయి. గిన్నె లేవలేదు. సగౌరవంగా కిందికే వెళ్లింది. దూకబోయిన అచ్యుతరావు కూలర్ వైరు కాలికి చుట్టుకుని మెట్టుమీద బోర్లా పడ్డాడు. గిన్నెలోని పచ్చిపులుసు ఆయన నెత్తిన అభిషేకమైంది, గిన్నె పక్కన పడి వంద ముక్కలైంది.

"విషం!" ఆయన కళ్లు మూసుకుని కేకపెట్టాడు. "మంట! ప్రాణం పోతోంది!"

"విషం కాదన్నా, పచ్చిమిరపకాయలు" అంది సుకన్య, చేతులు ఇంకా దించకుండానే.

"కౌన్ హై రే యే దీవానా? ఎవడీ పిచ్చోడు?" అన్నారు బేగం. ఆపైన నేలకేసి చూసి నిశ్చేష్టులయ్యారు. మెట్లమీద నీలం పువ్వులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"టూట్ గయా?" బేగం మెల్లగా అడిగారు.

"పలిగిపోయింది ఖాలా."

"పూరా?"

"పూరా పోయింది ఖాలా. మాఫ్ చెయ్యిన్రి..."

"అల్లా, తేరా శుకర్!" అని బేగం ఉన్నచోటనే మెట్టుమీద చతికిలబడ్డారు. "మాఫీ ఎందుకు బేటీ? నా మోకాళ్లు ఈ దీవానాకు దువా ఇస్తున్నయ్. రంజాన్ సంది ఎక్కుడు దిగుడు, ఎక్కుడు దిగుడు!"

సుకన్య చేతులు ఒక్కసారిగా కిందికి జారాయి. "మరి బంద్ చెయ్యకపోయిన్రా ఖాలా?"

"ఎట్ల చేస్త? నేను షీర్ ఖుర్మా పంపిన. నువ్వు గిన్నెల మలీద ముద్దలు పెట్టి వాపస్ ఇస్తివి. నీ మలీద తిని నేను ఖాలీ గిన్నె ఎట్ల పెట్టుకోవాలె? ఖట్టీ దాల్ పోసి పంపిన. నువ్వు గారెలు ఇస్తివి. షరమ్ ఉండొద్దా మనిషికి?"

"నేను సుత గదే అనుకున్న! వచ్చిన గిన్నెను ఉత్తగ ఇస్తరా ఎవరన్న? ఇంటినుంచి ఆఫీసు పనిచేసుకుంట, మీటింగుల మధ్యల గారెలు కాల్చిన ఖాలా. ఒకదిక్కు మేనేజర్ మాట్లాడుతుండు, ఒకదిక్కు నూనె మాట్లాడుతుంది."

పైమెట్టు మీదనుంచి కేదార్ గొంతు పీలగా వినిపించింది. "అంటే... గా ఖట్టీ దాల్?"

"ఖాలాది."

"బగారా బైంగన్?"

"ఖాలాది."

"ఖుబానీ కా మీఠా నువ్వే చేసినవని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పిన గదే!"

"నేను చేసిన్నని నేనన్ననా? నువ్వే మెచ్చుకున్నవ్. నేను ఊకున్న."

తాను ఇన్నాళ్లుగా ప్రేమిస్తున్నది మెట్రోనా, ఆఫీసునా, ఇల్లాలి వంటనా, ఓనరమ్మ వంటనా అన్న ప్రశ్న కేదార్ మనసులో తొలిసారి తలెత్తింది. జవాబు అతనికి నచ్చలేదు.

గిన్నె పగిలినట్టే ఆ ఇద్దరి మొహమాటమూ పగిలింది. కోచింగుకొచ్చే ఆడపిల్లలకు పై అంతస్తులో హాస్టల్ పెడతానని బేగం మేనల్లుడు జుల్ఫికర్ ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. ఆవిడ సరేనన్నారు కూడా. కానీ సుకన్య గారె నోట్లో ఉండగా ఖాళీ చెయ్యమనే మాట పెగలలేదు. సుకన్యకూ అంతే. గిన్నె తన దగ్గరుంటే ముందు అది నింపి ఇవ్వాలి. ఇచ్చాక, తాను పెట్టింది ఆవిడ తింటుండగానే పోతున్నామని చెప్పడం ఎలా?

"అయితే పోతరా బేటీ?"

"పోతం ఖాలా. గీ గల్లీల ఉండుడు నాతోని కాదు."

"అచ్ఛా. నెలాఖరుకు ఖాలీ చెయ్యిన్రి. ఆరాంగ."

ఇద్దరూ తేలికపడి నవ్వుకున్నారు. అచ్యుతరావు తలమీది ఉల్లిపాయ ముక్క తీసి నోట్లో వేసుకుని లేచి నిలబడ్డాడు.

"కేసు తేలిపోయింది! నేను చెప్పలేదూ?"

"నువ్వు చెప్పింది ఒక్కటి సుత కాలేదన్నా" అన్నాడు కేదార్, ముక్కలు ఏరుతూ. "ఇల్లు నిలబెడతవని నిన్ను పిలిస్తే, కూలగొట్టి కూసున్నవ్."

"డిటెక్టివ్ నిజాన్నే నిలబెడతాడు కేదారూ. ఇళ్లు నిలబెట్టేది మేస్త్రీలు. సబ్బెక్కడుంది?"

*

ఆయన తలంటుకుంటుండగానే సుకన్య పంజాగుట్టకు వెళ్లింది. పగిలిన గిన్నెకు బదులు ఇవ్వకుండా ఇల్లు ఖాళీ చేస్తే మర్యాద కాదు గదా! దుకాణాలన్నీ తిరిగి, మధ్యాహ్నానికి అచ్చం అలాంటిదే తెచ్చింది. తెల్ల పింగాణీ, నీలం పువ్వులు. గేటు దగ్గర ఎవరో అందులో ఒక కరపత్రం కూడా వేశారు. ఆమె గల్లీని, గల్లీలోని సమస్త విద్యలను తిట్టుకుంటూ మెట్లెక్కి, గిన్నె కడిగి తుడిచి, తలుపుదాకా వెళ్లింది. అక్కడ ఆగింది.

చేతిలోని గిన్నెకేసి చూసింది. తలుపుకేసి చూసింది. మళ్లీ గిన్నెకేసి చూసింది.

"కొత్త గిన్నెనాయె" అంది, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు. "ఉత్తగ ఎట్లిస్తం?"

వెనుదిరిగి వంటింట్లోకి వెళ్లి బియ్యప్పిండి డబ్బా దించింది. కేదార్ వంటింటి గుమ్మంలోంచి తొంగిచూశాడు. కాసేపటికి సర్వపిండి వాసన ఇల్లంతా పరుచుకుంది.

"నవ్వకు" అంది సుకన్య, గిన్నెలో ముక్కలు సర్దుతూ. "గిది ఇచ్చేస్తే అయిపోయె. రేపటిసంది ఇల్లు చూసుడే."

"నేనేడ నవ్విన?"

ఆమె తలుపు తీసింది. గుమ్మం ముందు ఇక్బాల్ బేగం ఒక చేత్తో మోకాలు, మరో చేత్తో గిన్నె పట్టుకుని రొప్పుతున్నారు. అదీ తెల్ల పింగాణీయే, నీలం పువ్వులే. బేగంగారి పాత సెట్టులో ఇంకా అలాంటి గిన్నెలున్నాయన్న సంగతి పొద్దున ఎవరికీ తట్టలేదు.

"పొద్దున నిన్ను పొమ్మన్న గద బేటీ" అన్నారు బేగం, కళ్లు దించుకుని. "దిల్ జర ఖరాబ్ అయింది. ఖుబానీ కా మీఠా... నీకు ఇష్టమని."

గుమ్మానికి అటొక గిన్నె, ఇటొక గిన్నె. రెండూ నిండుగా. ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి గిన్నెకేసి ఒకరు చూసుకున్నారు.

"ఇందులో ఏదో మెలిక ఉంది మిత్రమా" అన్నాడు అచ్యుతరావు, ఇంకా మండుతున్న తల తడుముకుంటూ. "ఇంతకుముందు ఒక్క గిన్నే కదా తిరిగేది?"

కేదార్ అప్పటికే అగ్రిమెంటు కాగితాలు ముందేసుకుని, బల్ల సొరుగు లాగి పెన్ను వెతుకుతున్నాడు.