తలసరి మకరోనా

మా ఎదురింటి మోంజీ మాస్టారు కైరువాన్ హైస్కూల్లో జాగ్రఫీ చెబుతాడు. అన్నీ సగటు లెక్కల్లోనే మాట్లాడతాడు. మకరోనా, అదే గోధుమపిండి గొట్టాల పాస్తా, తలసరి తినడంలో మన ట్యునీషియాను మించిన దేశాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చని రేడియోలో విన్నాక ఆయనకు నిద్ర కరువైంది. దేశం పిండిలో మునిగిపోతోందని కాఫీ దుకాణంలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

"దేశానికి తలసరి సంగతి తర్వాత. ముందు మీ తల సరిచేసుకోండి" అంది భార్య షెద్లియా.

ఆవిడ బాధ వేరే. వీధి చివర ఆవిడ తల్లి జకియా ఒంటరిగా ఉంటుంది. పోయిన రంజాన్‌లో, నలుగురి ముందూ, దేశంలో ఎక్కువైన ఉప్పంతా మా అత్తగారి గిన్నెలోనే ఉందన్నాడు మాస్టారు. అప్పటినుంచి ఆవిడ అల్లుడితో మాట్లాడదు, అల్లుడు ఆ గడప తొక్కడు. రెండిళ్ళ మధ్య తిరగలేక షెద్లియా నలిగిపోతోంది.

అంతలో ప్రజలు ఏం తింటున్నారో తెలుసుకునే సర్వేకి మాస్టారి ఇల్లు ఎంపికైంది. ఓ అమ్మాయి వారంపాటు రోజూ త్రాసు తెచ్చి వండినవన్నీ తూస్తుందట. తన ఇల్లు దేశానికి ఆదర్శం కావాలని మాస్టారికి దురద పుట్టింది. వారమంతా ఉడికించిన చేపా పచ్చి దోసముక్కలూ తప్ప ఇంకేమీ పొయ్యెక్కకూడదని భార్యకు హుకుం జారీచేశాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ ఎదురు చెప్పకుండా తలూపింది. అక్కడే ఆయనకు అనుమానం రావలసింది. రాలేదు.

రెండో రోజుకే మాస్టారి కళ్ళు బైర్లు కమ్మాయి. అరుగుదల కోసం నడక అని మధ్యాహ్నం బయటపడ్డాడు. వీధి చివర హరీస్సా మిరపముద్ద ఘాటుతో మకరోనా ఉడుకుతున్న వాసన. కుళాయి కారుతోందని విన్నాను, చూసి పోదామని వచ్చానని గడప దగ్గర గొణిగాడు. అత్తగారు మొహం తిప్పుకునే పళ్ళెం పెట్టింది. మర్నాడు కూడా కుళాయి కారింది. ఆ మర్నాడూ కారింది.

వారం చివర మాస్టారు పళ్ళెంలో మునిగి ఉండగా తలుపు చప్పుడైంది. సందులోంచి చూస్తే త్రాసుతో సర్వే అమ్మాయి. పళ్ళెంతో సహా వంటింటి తెర వెనక్కి దూరాడు. హరీస్సా గొంతుకు అడ్డం పడింది. దగ్గాడు.

"అది పిల్లి కాదమ్మా, రోజూ భోజనానికొచ్చే మనిషి. బయటికి పిలువు" అంది జకియా.

మీసాల నిండా ఎర్రటి పులుసుతో ఆదర్శ పౌరుడు తెర తీశాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. రోజూ ఇక్కడే భోంచేస్తున్నట్టయితే మిమ్మల్ని ఈ ఇంటి మనిషిగానే రాయాలంది. మరి మా ఇంట్లోనో అన్నాడు మాస్టారు బిక్కమొహంతో. అక్కడ ఓ తల తగ్గుతుంది, మీ ఆవిడ తలసరి చేప రెట్టింపవుతుందంది.

"ఇంటి పెద్దకు మీరేమవుతారు?"

మాస్టారు అత్తగారి వంక చూశాడు. ఆవిడ గిన్నె వంక చూస్తోంది.

"అల్లుణ్ణి" అన్నాడు నేలచూపులతో.

"గట్టిగా చెప్పు నాయనా. ఆ పిల్లకి వినపడలేదు."

మళ్ళీ చెప్పాడు. ఈసారి గడప బయట వీధిలో నిలబడి చూస్తున్న నాకూ వినపడింది. అత్తగారు ఆయన పళ్ళెంలో మరో గరిటె వేసి, ఇన్నాళ్ళూ ఏమైపోయావని అడిగింది.

నా పక్కనుంచే షెద్లియా లోపలికి వెళ్ళి తల్లి పక్కన నిలబడింది.

"అయితే ఈ అమ్మాయి ఇక్కడికీ వస్తుందని నీకు ముందే తెలుసా?" అన్నాడు మాస్టారు.

"మొదటిరోజే చెప్పిందిగా, మన వారం అయ్యాక అమ్మ ఇంటి వంతేనని. అప్పుడు మీరు ఆ పిల్లకి చేపల గొప్పతనం వివరిస్తున్నారు" అంటూ ఆవిడ ఓ పళ్ళెం అందుకుంది. "జరగండి, నాకూ ఆకలేస్తోంది."

మాస్టారు పళ్ళెంతో సహా పక్కకు జరిగాడు.