భూతద్దంగారి షట్టరు పరీక్ష

ఆఫీసులో అందరూ ఆయన్ని భూతద్దంగారనే పిలుస్తారు. బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసే ఉద్యోగం. కారు సొట్ట చూసి, అది గోడకి గుద్దితే పడిందో, బావమరిది చేతికిస్తే పడిందో ఇట్టే చెప్పేస్తారు. ఆ పేరు వెక్కిరింత అయ్యుంటుందన్న అనుమానం మాత్రం ఆయనకి ఇంతవరకూ రాలేదు.

ఆయన తల్లి సిటీ బస్సు డ్రైవరు. ఆ ఊళ్లో బస్సు నడిపిన మొదటి ఆడమనిషి. ఆదివారం ఆఖరి ట్రిప్పు నడిపి రిటైరవుతోంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆవిడ స్టీరింగు పట్టుకున్న మంచి ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉన్నవాటిలో సగం ఆవిడ మొహం, సగం అద్దం తుడిచే చీపురుపుల్లలాంటి వైపరు.

అందుకని వీధి చివరి పెద్దాయన దగ్గర అమ్మకానికున్న వాడిన డిజిటల్ కెమెరా ఒకటి చూశారు. పొద్దస్తమానం పక్షుల ఫొటోలు తీస్తాడని ఆయన్ని అందరూ పిట్టలాయన అంటారు. షట్టరు పెద్దగా వాడలేదని చెప్పి, అది ఎన్నిసార్లు కొట్టుకుందో ఆ సంఖ్య కూడా చెప్పాడు. ఒక రోజు ఉంచుకుని చూసుకోమని కెమెరా చేతిలో పెట్టాడు.

ఇంటికొస్తూనే భూతద్దంగారు భార్యకి పాఠం మొదలెట్టారు. ఫొటో నొక్కినప్పుడల్లా లోపల సన్నటి తెర ఒకటి టక్కున తెరుచుకుని మూసుకుంటుందట. అదే షట్టరు. కొట్టుకున్నకొద్దీ అరుగుతుంది. అరిగిందని తేలిస్తే ధర దిగుతుంది. తేల్చడం ఆయన వంతు.

"ఆయన అబద్ధం ఆడే మనిషిలా లేడండీ" అందావిడ.

"ఆడేవాళ్లెవరూ అలా ఉండరు. ఉంటే వాళ్లకి గిట్టుబాటు కాదు."

పిట్టల ఫొటోలు తీసేవాడు ఒక పిట్ట ఎగిరేలోగా వంద నొక్కుతాడని ఆయన లెక్క. ఆ సంఖ్య పచ్చి బుకాయింపని తీర్పు కూడా అప్పుడే రాసేశారు. విచారణ మాత్రమే మిగిలింది.

మర్నాడు శనివారం పొద్దున, మొదలుపెట్టేముందు కెమెరా భార్యకిచ్చి, ఆఫీసులో చూపించడానికి తనదొకటి తియ్యమన్నారు. ఛాతీ పొంగించి, పొట్ట లోపలికి లాగి నిలబడ్డారు. పొట్ట జారిపోకముందే ఆవిడ నొక్కేసింది.

ఆ తర్వాత గోడ వంతు వచ్చింది. షట్టరు పాడైతే తెల్లగోడ ఫొటోలో ఒక పక్క నీడలా కనిపిస్తుందని ఆయన ఎక్కడో చదివారు. నీడ కనబడలేదు. ఎందుకు కనబడదో చూద్దామని బటను నొక్కి పట్టుకున్నారు. టకటకటకటక. కెమెరా చెవికానించుకుని విన్నారు. ముక్కుతో మూలుగుతోందేమోనని అనుమానమొచ్చి ఇంకోసారి విన్నారు. వేడెక్కితే మూలుగు బయటపడుతుందని వేడెక్కేదాకా నొక్కారు. గోడ అయ్యాక బీరువా, బీరువా అయ్యాక ఫ్యాను. పొద్దున మొదలైన టకటక మధ్యాహ్నం భోజనానికొక్కసారి ఆగింది.

పక్కగదిలో కునుకు తీస్తున్న తల్లి లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. "బండి కదలనప్పుడు ఇంజను ఆపెయ్యాలిరా" అని చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆఖరి ఫొటో పట్టుకుని స్టూడియోకి పరిగెత్తారు. షట్టరు అప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టుకుందో ఆ కెమెరా తీసే ప్రతి ఫొటో ఫైల్లోనూ నమోదై ఉంటుంది. స్టూడియో అతను చూసి చెప్పిన అంకె, పిట్టలాయన చెప్పినదానికి మూడింతలకి పైనే ఉంది. భూతద్దంగారు ఇంటికి నడిచి రాలేదు, ఊరేగుతూ వచ్చారు. న్యాయం గెలవడం చూద్దువుగాని రమ్మని భార్యని కూడా వెంటబెట్టుకుని పిట్టలాయన ఇంటికెళ్లారు.

పిట్టలాయన ఆ అంకె విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పిట్టలు బెదరకుండా ఎప్పుడూ చప్పుడు రాని పద్ధతిలోనే తీశాననీ, అందులో తెర కదలదు కాబట్టి అరగడానికి వీల్లేదనీ, వాళ్లకిచ్చేటప్పుడే మామూలు పద్ధతికి మార్చాననీ మెల్లగా చెప్పాడు. పెద్దతనం, ఎక్కడో తనే పొరపడి ఉంటాననీ, ధర వాళ్లిష్టమనీ అన్నాడు. ఆ గొంతు చిన్నబోయింది. భూతద్దంగారికి అదంతా నేరం ఒప్పుకోలులా తోచి, కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలారు.

అప్పటిదాకా మాట్లాడని భార్య, "అందులో మొట్టమొదటి ఫొటో మావారిది. అది కూడా చూడండి బాబాయిగారూ" అంది.

పిట్టలాయన కంప్యూటర్లో పెట్టి చూశాడు. తెర నిండా పొంగిన ఛాతీ. దాని కింద, తను ముందురోజు చెప్పిన సంఖ్యే, ఒకటి కలిపి.

పిట్టలాయన రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అంటే మిగతాదంతా..." అన్నాడు పిట్టలాయన.

"మా గోడ" అందావిడ.

ఇందాక వెనక్కి వాలిన భూతద్దంగారు ఇప్పుడు కుర్చీ అంచుకి జారారు. క్షమించమని నోరు తెరిచి అడిగారు. ఎదుటివాడి సొట్టలు చూసే మనిషికి తన సొట్ట చూసుకోవడం అదే మొదలు. పిట్టలాయన నవ్వి, ఇంత ఓపిగ్గా తెల్లగోడని తీసినవాణ్ణి తన జన్మలో చూడలేదన్నాడు. చెప్పిన ధరకి పైసా తగ్గకుండా ఆవిడ తీసుకుంది. కెమెరాని ఆయన ఆవిడ చేతికే ఇచ్చాడు.

ఆదివారం ఆఖరి ట్రిప్పులో భార్య కెమెరాతో ముందు సీట్లో కూర్చుంది. భూతద్దంగారు వెనక నిలబడి, ఇప్పుడు నొక్కు, ఇప్పుడు నొక్కు అని గొణుగుతూనే ఉన్నారు. ఆవిడ తొందరపడలేదు. మలుపులో అత్తగారు రెండు చేతులా స్టీరింగు తిప్పుతూ దారి మీదికి కళ్లెత్తినప్పుడు నొక్కింది.

డిపోలో బస్సాగింది. ప్రయాణికులు దిగి వెళ్లిపోకుండా బస్సు చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. డ్రైవర్లూ కండక్టర్లూ అందరూ పెద్దావిడ చుట్టూ చేరారు. అత్తగారు ఫొటోకి కోడల్ని తన పక్కకి లాక్కుంది. దాంతో కెమెరా భూతద్దంగారి చేతికొచ్చింది.

ఆయన వేలు బటను మీద ఆగిపోయింది. నిన్నంతా దున్నేసిన వేలు, ఇవాళ కదలనంటోంది. ఇక ఒక్క టక్కు కూడా వృథా చెయ్యకూడదని భయం. దానికి తోడు కళ్లకేదో అడ్డమొస్తోంది. ఇంతమంది మధ్య ఖాకీ చొక్కాలో నిటారుగా నిలబడ్డ మనిషి తన తల్లి.

"నొక్కరా" అందావిడ. "అరిగితే అరగనీ. నేను అరగలేదా?"

నొక్కారు. ఒక్కటే.

ఇప్పుడా ఫొటో ఆయన ఆఫీసు బల్ల మీదుంది. మధ్యలో డ్రైవరెవరని ఎవరైనా అడిగితే కుర్చీలోంచి లేచి మరీ, మా అమ్మ అని చెబుతారు. ఎవరు తీశారంటే, నేనే అంటారు.

కెమెరా మీదేనా అంటే మాత్రం గొంతు కాస్త తగ్గుతుంది.

"మా ఆవిడది. అడిగితే ఇస్తుంది."