మాస్టారి కోటు, దర్జీ వెన్ను

"అది కాదే మనవరాలా, తప్పు కోటుది కాదు, వెన్నుది. మొదట్నించీ చెప్తా, రాసుకో."

ఆ పొద్దున్న దర్జీ అనుకున్నది చాలా చిన్న పని. హెడ్మాస్టారికి కొత్తగా కుట్టిన కోటు ఇస్త్రీ చేసి ఇచ్చేయాలి, అన్నం తిని ఓ కునుకు తీయాలి. సాయంత్రం నాలుగింటికి మాస్టారి పదవీ విరమణ సభ. కోటు అందుకే.

ముప్పై ఏళ్లలో మాస్టారు ఒక్కసారీ కొలతలు ఇవ్వలేదు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఛాతీ. మిషను మీద వంగి వంగి దర్జీకీ, పరీక్ష కాగితాల మీద వంగి వంగి మాస్టారికీ ఒకే గూని. అందుకే ఆయన బట్టలు దర్జీ తానే తొడుక్కుని చూసుకుని కుట్టేసేవాడు. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. అతని పరువంతా అదే.

మూడు నెలల కిందట అతనికి నడుం పట్టేసింది. మడమలు, భుజాలు, తల గోడకు ఆనించి, గడ్డం లోపలికి లాక్కుని పూటకు పది నిమిషాలు నిలబడమంది డాక్టరమ్మ. పెళ్లాం గడియారం పట్టుకుని మరీ చేయించింది. నొప్పి పోయింది. దాంతోపాటు గూనీ పోయింది. అది మాత్రం దర్జీ గమనించుకోకుండా, ఈ కోటూ తన ఒంటి మీదే చూసి కుట్టేశాడు.

ఆ పొద్దున్న మాస్టారు కొట్టుకొచ్చి కోటు తొడుక్కున్నారు. ముందు భాగం తొడల మీదికి వేలాడింది, వెనక భాగం నడుం మీదికి ఎగిరింది.

"ఏవయ్యా, వెనకాల గాలి కొడుతోందేంటి?"

"నాకు అతికినట్టు సరిపోయిందండీ!"

మాస్టారి మొహం పాలిపోయింది. "నీకు సరిపోయిందంటే నేనే కుంచించుకుపోతున్నానన్నమాట. ఇదేదో పాడు జబ్బే. సభా వద్దు, ఏమీ వద్దు. ఆస్పత్రికి పద!"

అద్దంలో తన నిటారు వెన్ను చూసుకున్నాక దర్జీకి తప్పెక్కడో తెలిసింది. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుంది, ఒప్పుకోకపోతే సభ పోతుంది. వెనక పొడుగు పెంచుదామని కుట్టు విప్పి చూస్తే లోపల మడతలో వేలెడు గుడ్డ కూడా లేదు.

"కోటు సాగదుగానీ, మనిషిని సాగదియ్యండి," అంది పెళ్లాం. మాస్టారిని గోడకు ఆనించి, "అన్నయ్యగారూ, గడ్డం లోపలికి!" అని గదమాయించింది. కోటు చక్కగా దిగింది.

దారిన పోయే పాత విద్యార్థి ఒకడు అది చూసి, "మాస్టారికి దర్జీ గోడకుర్చీ వేయించాడ్రోయ్!" అని కేకేశాడు. అరగంటలో బడి బడంతా కొట్టు ముందుంది.

"ఏం తప్పు చేశారండీ?" అడిగింది లెక్కల టీచరు.

"నలభై ఏళ్లు వంగి కూచున్నానమ్మా," అన్నారు మాస్టారు, తల తిప్పకుండా.

వంగితే కోటు లేస్తుందని సభ ఆసాంతం మాస్టారు కొయ్యబొమ్మలా నిటారుగా నిలబడ్డారు. దండ వెయ్యడానికి స్టూలెక్కాల్సి వచ్చింది. "పదేళ్ల వయసు తగ్గిపోయిందే!" అన్నారంతా. "కోటు మహిమ," అన్నారెవరో.

మర్నాడు కొట్టు ముందు గూనివాళ్ల బారు. అందరికీ వెన్ను నిలబెట్టే కోటే కావాలట. కోటులో ఏ మహిమా లేదంటే కొలత తప్పిన సంగతి బయటపడుతుంది. దర్జీ నోరు మూసుకుని రెండు నెలలు తలెత్తకుండా కుట్టాడు. గోడ దగ్గరికి వెళ్లే తీరికెక్కడిది?

రోజూ గోడకు నిలబడి ఇప్పుడు మాస్టారు నిటారు, దర్జీ గూని. ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి ఆయన ఒంటికి టేపు పెట్టి కొలుస్తున్నాడు.

"మీ చిన్నాన్న పొద్దస్తమానం కంప్యూటరు ముందు కొక్కెంలా ఉంటాడుగా, వాడికిది చదివి వినిపించు తల్లీ. కూచోబెట్టి కాదు, గోడకి నిలబెట్టి."