ఇసుక సంచి ఎక్కిన ఎత్తు

ఆకాశంలో ఆడా మగా తేడా లేదనేవాళ్ళకి ఆకాశం తెలుసునేమో గాని, ఎత్తు రికార్డుల సంఘం ఆఫీసు తెలియదు. అక్కడ ఆకాశానికి రెండు కిటికీలున్నాయి. ఒకదాని మీద ‘సాధారణం’ అనీ, రెండోదాని మీద ‘మహిళలు’ అనీ రాసి ఉంటుంది. ఈ ఏర్పాటు గురించి గాలికి ఇంతవరకు తాఖీదు ముట్టలేదు (పంపారు, చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చింది).

గ్లైడర్ టీచరమ్మ మొదట మహిళల కిటికీ దగ్గరే నిలబడింది. గ్లైడరంటే ఇంజను లేని విమానం. తాడు కట్టి పైకి లాగి వదిలేస్తే, ఆపైన గాలిని బతిమాలుకుంటూ ఎక్కాలి. టీచరమ్మ ముప్పయ్యేళ్ళుగా బతిమాలుతోంది. మొన్న మంగళవారం గాలికి ఏం బుద్ధి పుట్టిందో, ఆవిణ్ణి పదివేల నాలుగువందల పన్నెండు మీటర్లు ఎత్తుకుంది. సంఘం లెక్కల్లో అంత ఎత్తు ఇంతకుముందు ఆడవాళ్ళూ ఎక్కలేదు, మగవాళ్ళూ ఎక్కలేదు.

మళ్ళీ ఎక్కి చూపిద్దామంటే కుదరదు. ఆవిడ ఆరోగ్య పత్రం గడువు నెలాఖరుతో సరి. మోకాళ్ళు నొక్కి చూసిన డాక్టరు, ఇక రాసిచ్చేది లేదని ముందే చేతులు దులుపుకున్నాడు. ఆవిడకి ఉన్నదల్లా ఒక్కటే కోరిక. గ్లైడర్లుంచే షెడ్డు గోడకి రికార్డుల బోర్డుంది. చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఇరవయ్యేళ్ళుగా దాని మీద పేర్లన్నీ ఆవిడ చేతే రాయిస్తున్నారు. అందరి పేర్లూ రాసిన కుంచెతో ఒక్కసారి తన పేరు రాసుకోవాలి.

“ఎత్తు రాయడానికి గడులు నాలుగే ఉన్నాయేం బాబూ? నాది అయిదంకెలు.”

గుమాస్తా ఫారం తిరగేసి చూశాడు. “మహిళలకి నాలుగేనండి. సాధారణానికి అయిదు.”

“ఎందుకని?”

“ఇన్నాళ్ళూ సరిపోయాయి కదమ్మా.” అంతలోనే అతనికి జాలి కలిగింది. “పోనీ, మొదటి అంకె వదిలేసి రాయండి.”

“వదిలేస్తే నాలుగువందల పన్నెండవుతుంది. మేం తాడు విప్పేదే అంతకన్నా పైన!”

“మహిళల్లో అది మంచి ఎత్తేనండి.”

వెంట వచ్చిన మరిది, షెడ్డులో మెకానిక్కు, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “రా వదినా. నువ్వింకో మాటంటే ఇతను గడులు మూడు చేస్తాడు.”

సాధారణం కిటికీ వెనక వర్గ నిర్ణయాధికారి కూర్చుని ఉన్నాడు (పూర్తి పదవి పేరు బల్ల మీది పలకలో పట్టక, మిగతా సగం గోడ మీద రాయించారు).

“సాధారణమంటే అందరిదీ కదండీ?” అంది టీచరమ్మ.

“అందరిదీనమ్మా. మహిళలకి వేరే ఇచ్చేశాం కనుక, వాళ్ళు పోను మిగిలిన అందరిదీ. అయితే ఎక్కినవాళ్ళలో ఒక్క మగవాడున్నా మాకే వస్తుంది. మీది రెండు సీట్లది. వెనక సీట్లో ఎవరు?”

“ఎవరూ లేరు. బరువు కుదరాలని ఇసుక సంచి కట్టాం.”

అధికారి కలం మూత తీశాడు. “ఆడా, మగా?”

ఇక్కడ షెడ్డు అలవాటొకటి చెప్పాలి. మామూలు సంచి సీట్లో కుదురుగా ఉండదని, మరిది తన పాత ప్యాంట్లలో ఇసుక పోసి, కాళ్ళూ నడుమూ కుట్టేస్తాడు. అప్పుడది మర్యాదగా కూర్చుంటుంది. బెల్టు కూడా ఒంటికి పడుతుంది.

సంచిని పిలిపించారు. ముగ్గురు సభ్యుల సంఘం దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి పరీక్షించింది. ముందువైపు జిప్పు. వెనక జేబులో దువ్వెన. నిర్ణయం: పురుషుడు.

“నా దువ్వెన దొరికింది,” అన్నాడు మరిది. దాన్ని సాక్ష్యం కింద జమ చేసుకుని ఇవ్వలేదు.

టీచరమ్మ ఊపిరి పీల్చుకుంది. రికార్డు నిలబడింది, అదే చాలనుకుంది. అధికారి పేజీ తిప్పాడు. ఆడా మగా కలిసి ఎక్కినప్పుడు మగవాడే కెప్టెన్, తనకి వద్దని రాసిస్తే తప్ప. సంచికి ఏడు రోజుల గడువిచ్చి నోటీసు అంటించారు. జవాబు రాలేదు.

“అది మాట్లాడదు బాబూ! ఇసుక!”

“మితభాషులైన కెప్టెన్లు చాలామంది ఉన్నారమ్మా.”

కెప్టెనన్నాక ఆరోగ్య పత్రం ఉండాలి. అదే డాక్టరు వచ్చి చూశాడు. బీపీ లేదు, షుగరు లేదు, మోకాళ్ళు ఎటు వంచితే అటు వంగుతున్నాయి. అయిదేళ్ళకి రాసిచ్చి, ఈ వయసులో ఇంత నిబ్బరం తాను చూడలేదన్నాడు.

సన్మానం రోజున కెప్టెన్ నడవలేడు కనుక టీచరమ్మే చంకన వేసుకుని వేదిక ఎక్కించింది. శాలువా కప్పారు. రెండుసార్లు జారిపోతే ఆవిడే సర్దింది.

“మేడం, కొంచెం పక్కకి జరగండి,” అన్నాడు ఫోటోగ్రాఫరు. “కెప్టెన్‌గారికి అడ్డమొస్తున్నారు.”

“నా ప్యాంటెక్కిన ఎత్తు నా జన్మలో నేనెక్కలేను వదినా,” అన్నాడు మరిది నవ్వించాలని. ఆవిడ నవ్వింది కూడా. కాకపోతే, ఆ నవ్వు పూర్తిగా దిగకముందే సంఘం కార్యదర్శి రంగు డబ్బా, కుంచె, ఒక కాగితం తెచ్చి చేతికిచ్చాడు.

టీచరమ్మ స్టూలెక్కి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాసింది. సాధారణం: 10,412 మీటర్లు, కెప్టెన్ ఇసుక సంచి. (తోడు వెళ్ళినవారి పేరు రాయడానికి బోర్డు మీద గడి లేదు.) దాని కింద ఇంకో వరుస. మహిళలు: ఈ ఏడు ఎవరూ ప్రయత్నించలేదు.

కార్యదర్శి రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూశాడు.

“ఎంతైనా మీ చేత్తో రాస్తేనే అందం మేడం.”