భీమమ్మ అద్దాల కిటికీ

ఆ సోమవారం పొద్దున మొగులప్ప అనుకున్నది చిన్న పనే. తల్లి భీమమ్మను కొత్త కిటికీలో కూర్చోబెట్టి, ఆమె నోట ఒక్క మంచి మాట విని, బండల గనికి పోవాలి. పందొమ్మిది వందల అరవై ఒకటిలో తాండూరు మొత్తం మీద రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన అద్దాల కిటికీ అదొక్కటే. నడవలేని తల్లి వీధి చూస్తుందని ఆర్నెల్లు తంటాలు పడి కట్టించాడు. భార్య నీలమ్మ దానికి బంతిపూల దండ వేసింది. మొగులప్ప తల్లి నుదుట విభూతి పెట్టి, ఒరిగిపోకుండా పాత చీరతో కుర్చీకి కట్టాడు.

"ఎట్లుందమ్మా?"

"గీడికెల్లి టేషను కానొస్తలేదు. చెన్నడు దిగితే నాకెట్ల తెలుస్తది?"

చెన్నప్ప చిన్న కొడుకు. గంట ప్రయాణంలో ఉన్న వికారాబాద్‌లో గుమాస్తా. మూడేళ్లుగా ఇటు మొహం చూపలేదు. రోజూ ఎత్తి దించే పెద్ద కొడుకు మాత్రం ఆమె కంటికి ఆనడు. మొగులప్ప మనసు చివుక్కుమంది. పనికి పోయాడు. నీలమ్మ తాళం వేసి, బట్టలుతకడానికి కాగ్నా వాగుకు పోయింది.

ఎండకు భీమమ్మకు కునుకు పట్టింది. అక్కడే కొంప మునిగింది. భీమమ్మ వాళ్లు లింగాయతులు; వాళ్లలో చనిపోయినవాళ్లను పడుకోబెట్టరు. విభూతి పెట్టి, పూలు వేసి, కూర్చోబెడతారు. రైలుకు పోతున్న పక్కింటి బీరప్ప అద్దంలోంచి చూసి, ముసలమ్మ పోయిందనుకుని చేతులు జోడించాడు. వీధంతా చెప్పి, చెన్నప్పకూ చెబుతానని బండెక్కాడు. గంటలో కిటికీ ముందు టెంకాయలు, దండలు, ఏడుపులు. వీధి పెద్ద హన్మయ్య గుంత తవ్వడానికి మనుషులను కూడా పంపేశాడు.

గనిలో కబురు విన్న మొగులప్ప చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. తన దగ్గరున్న చెవితో తాళం తీసి, తల్లి కాళ్ల మీద పడి బోరుమన్నాడు. కాళ్లు వెచ్చగా ఉన్నాయి.

"మెల్లగ ఏడ్వురా, చెవులు పోతున్నయి," అంది భీమమ్మ కళ్లు తెరవకుండా. "చెన్నడికి కబురు పోయిందంట గదా?"

"అమ్మా! నువ్వు బతికే ఉన్నవా! ఉండు, అందరికీ చెప్త."

"చెప్తే నా మీద ఒట్టే. వాడొచ్చేదాక నేను గిట్లనే ఉంట. తలుపు పెట్టి, నువ్వు ఏడ్వు."

మొగులప్ప ఏడ్చాడు. అందులో నటన ఏమీ లేదు. మధ్యాహ్నానికి ఆమె నోట మంచి మాట రానే వచ్చింది.

"మస్తు ఏడుస్తున్నవురా."

నాలుగు గంటల బండికి చెన్నప్ప దిగాడు. "అమ్మా!" అని మీద పడగానే భీమమ్మ కళ్లు తెరిచి, వాడి చెంపలు నిమిరింది. జనం తిట్టుకుంటూ ఎవరి టెంకాయలు వాళ్లు తీసుకుపోయారు. చెన్నప్ప మొహం మాడిపోయింది.

"అమ్మ సచ్చిపోయిందని ఆఫీసుల సెలవు చీటీ రాసిచ్చి వచ్చిన. మళ్ల రావాల్నంటే ఇంకేమని రాయాలె?"

భీమమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. "ఈపారి మీ అన్న సచ్చిండని రాయి కొడుకా."

కాదంటాడేమోనని మొగులప్ప ఆశగా తమ్ముడి వైపు చూశాడు.

"అన్నకైతే ఒక్క దినమే ఇస్తరమ్మా," అన్నాడు చెన్నప్ప.